లీడర్‌షిప్ ట్రైనింగ్ అయింది, షిఫ్ట్‌ల మాత్రం ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు

బి_షిఫ్ట్
మాది ఫార్మా, ట్యాబ్లెట్ల ప్లాంటు, జడ్చర్ల దిక్కు. కంప్రెషన్‌ల (పొడిని ఒత్తి ట్యాబ్లెట్ చేసే కాడ) ఆపరేటర్‌గా చేరిన, ఈమధ్యనే షిఫ్ట్ ఇంచార్జి చేసిన్రు. కొత్త ఇంచార్జులందర్ని శామీర్‌పేట దిక్కు ఒక రిసార్టుకు తోల్కపోయి లీడర్‌షిప్ ట్రైనింగ్ ఇచ్చిన్రు. కండ్లకు గంతలు కట్టి నడిపిచ్చిన్రు, స్ట్రాలతోని టవర్ కట్టిపిచ్చిన్రు, నాలుగు రంగులల్ల ఎవరు ఏ రంగు మనిషో చెప్పిన్రు (నేను పచ్చ అంట). బిర్యానీ మంచిగుండె. ఆఖర్ల ఫారం ఇస్తే అన్నిటికి 5 కొట్టి వచ్చిన.

ఇగ అసలు ముచ్చట. నా షిఫ్ట్‌ల ఒక సీనియర్ ఆపరేటర్ ఉన్నడు. నాకు మిషన్ నేర్పిందే ఆయన. ఇప్పటికీ అన్నా అనే పిలుస్త. అరగంటకోపారి ట్యాబ్లెట్ బరువు, మందం, గట్టితనం చూసి బీఎంఆర్‌ల (బ్యాచ్ తయారీ రికార్డుల) రాయాలె. ఆయన షిఫ్ట్ ఆఖర్ల కూసొని గడులన్ని ఒక్కపారి నింపుతుండు. నేను చూసిన. చూసిన్నని ఆయనకూ తెలుసు. ఎట్ల చెప్పాలె? స్ట్రాల టవర్ల దీనికి జవాబు దొర్కలే.

గోదారి_గట్టు
పచ్చ అంటే గొడవలు పడని రకం అనుకుంటా. అందుకే ఆయన్ని అడక్కుండా మమ్మల్ని అడుగుతున్నారు.

క్యూఏ_కళ్లజోడు
ఇది లీడర్‌షిప్ ప్రశ్న కాదండి, డేటా ఇంటెగ్రిటీ. పని చేసినప్పుడే రాయాలి, చేసినవాళ్లే రాయాలి, చేసిందే రాయాలి. రేపు ఇన్‌స్పెక్టర్ వచ్చి బరువు తూచే బ్యాలెన్స్ ప్రింటవుట్ మీది టైమూ బీఎంఆర్‌లో టైమూ పక్కపక్కన పెట్టి చూస్తే "ఆయన నాకు పని నేర్పాడు సార్" అంటారా? డీవియేషన్ (పద్ధతి తప్పిందని ఇచ్చే రాతపూర్వక రిపోర్టు) రాయండి. అన్నా తమ్ముడూ అంతా గేటు బయటే.

టీమ్‌లీడ్_మాదాపూర్
బ్రో, డీవియేషన్ కంటే ముందు విడిగా కూర్చోబెట్టి మాట్లాడు. మాకు ఎస్‌బీఐ అని నేర్పారు (బ్యాంకు కాదు). సిట్యుయేషన్, బిహేవియర్, ఇంపాక్ట్. అమెరికాలో సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ వాళ్ల పద్ధతి. "నిర్లక్ష్యంగా ఉన్నావ్" అంటే అది నీ తీర్పు, ఎదుటివాడు వాదనకి దిగుతాడు. "నిన్న ఆరింటి చెక్, ఆరున్నర చెక్ తొమ్మిదిన్నరకి రాయడం చూశాను" అంటే అది నువ్వు చూసింది, దాన్ని కాదనలేడు. ఆ తర్వాత దాని వల్ల బ్యాచ్‌కి ఏం జరగొచ్చో చెప్పు. అంతే.

అనంతపురం_ఎండ
మిషన్ పక్కన నిలబడి సిట్యుయేషన్, బిహేవియర్ అని మొదలుపెడితే ఆ యన్న "ఏమప్పా, రిసార్టులో నీళ్లు బాగా తాపినారే" అంటాడు.

టీమ్‌లీడ్_మాదాపూర్
@అనంతపురం_ఎండ ఆ పేర్లు చదివి వినిపించమన్లేదు సార్. తెలుగులోనే చెప్పొచ్చు. మా దగ్గర కూడా మూడేళ్లు పక్క సీట్లో కూర్చున్నవాడికే నేను అప్రైజల్ రాయాల్సొచ్చింది. ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకోకపోతే వాతావరణం గురించి మాట్లాడి బయటికొచ్చేవాణ్ని.

రిటైర్డ్_ఉక్కు
వైజాగ్ ఉక్కులో పనిచేసి రిటైరయ్యాను. క్యూఏ (నాణ్యత విభాగం) అమ్మాయి చెప్పింది తప్పు కాదు, కానీ మధ్యలో ఒక మెట్టు వదిలేసింది.

1940 నుంచి అమెరికాలో యుద్ధం కోసం ఫ్యాక్టరీలు కొత్తవాళ్లతో నిండిపోయాయి. సూపర్‌వైజర్లు చాల్లేదు. అప్పుడు ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని ఒకటి పెట్టారు. పని నేర్పడం ఒక కోర్సు, పని పద్ధతి బాగుచేసుకోవడం ఒకటి, మనుషులతో నెగ్గుకురావడం ఒకటి. ఒక్కోటి రెండేసి గంటల చొప్పున అయిదు క్లాసులు, అంతకు మించి లేదు. పదిమంది కూర్చునేవారు. ఎవరి షాపులో ఉన్న తగువు వాళ్లు తెచ్చి అక్కడ విప్పాలి. కట్టుకథలు పనికిరావు. యుద్ధం అయ్యాక ఇవే జపాన్ వెళ్లాయి, టొయోటా వాళ్లు పని నేర్పే కోర్సుని గట్టిగా పట్టుకున్నారు.

మనుషుల కోర్సుకి జేబులో పెట్టుకునే కార్డు ఒకటి ఉండేది. అందులో నాలుగు మెట్లు. సంగతి పూర్తిగా తెలుసుకో, తూచి నిర్ణయించు, చెయ్యి, ఫలితం చూడు. మొదటి మెట్టు దగ్గరే మనవాళ్లందరూ జారతారు. బాబూ బి షిఫ్ట్, ఆయన అలా చేస్తున్నాడని రాశావు. ఎందుకు చేస్తున్నాడో నీ పోస్టులో ఒక్క అక్షరం లేదు. అడిగావా?

బి_షిఫ్ట్
ఇంకా అడగలే సార్. రేపు అడుగుత.

గోదారి_గట్టు
కార్డు బొమ్మ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. మా మామగారి మీద ప్రయత్నించాలి.

ఫ్లిప్‌చార్ట్
రిసార్టులకి బెలూన్లు మోసుకెళ్లే జాతి మాదే కాబట్టి మా వైపు మాట కూడా వినండి.

కంపెనీ ఫోన్ చేసి అడిగేది ఇది: "ఎనర్జీ ఉండాలి మేడమ్, బోర్ కొట్టకూడదు." వాళ్ల షిఫ్టుల్లో అసలు సమస్యలేంటో ముందు నలుగురితో మాట్లాడతానంటే టైమ్ లేదంటారు. వాళ్ల బాస్‌లని చివరి గంట కూర్చోమంటే మీటింగ్ ఉందంటారు. నెల తర్వాత ఒక పూట మళ్లీ వస్తానంటే దానికి బడ్జెట్ లేదంటారు. ఇక మిగిలేది స్ట్రాలే.

డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అని ఒకాయన ట్రైనింగ్ ఫలితాన్ని నాలుగు అంతస్తుల్లో చూడాలని 1959లోనే రాశాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, సంస్థకి ఏమైనా ఒరిగిందా. బి షిఫ్ట్ గారు 5 కొట్టిన ఫారం మొదటి అంతస్తు. మనవాళ్లలో చాలామంది లిఫ్ట్ అక్కడే ఆపేస్తారు. బిర్యానీ బాగుంటే 4.7 వస్తుంది, చల్లారితే 4.1. నా మూడేళ్ల ఫారాలన్నీ దాచాను, భోజనం తప్ప వాటిలో ఏమీ తెలియదు.

హెచ్చార్_బాధలు
@ఫ్లిప్‌చార్ట్ మేడమ్, ఆ ఫోన్ చేసేది నాలాంటివాళ్లే. మా ఇబ్బంది కూడా చెప్తా. నా అప్రైజల్‌లో ఉండేది మనిషికి ఏడాదికి ఇన్ని గంటల ట్రైనింగ్ అని. మార్పు వచ్చిందా అనే గడి లేదు. మార్చిలోపు బడ్జెట్ ఖర్చు కాకపోతే వచ్చే ఏడు కోత. ఫిబ్రవరిలో ఎవరు ఖాళీగా దొరికితే వాళ్లని బస్సెక్కిస్తాం. నిజంగా అవసరమైనవాడు ఎప్పుడూ ఖాళీగా దొరకడు.

గోదారి_గట్టు
అంటే రిసార్టుకి వెళ్లినవాళ్లందరూ ప్లాంటులో అవసరం లేనివాళ్లా?

హెచ్చార్_బాధలు
నేనలా అన్లేదు 😐

డాలస్_బావ
మేనేజర్లే వద్దనుకున్న కంపెనీ సంగతి వినండి. 2002లో గూగుల్ ఇంజినీరింగ్‌లో మేనేజర్లని తీసేసి చూసింది. కొన్ని నెలలకే మానేసింది. ఖర్చుల బిల్లులు, చిన్నచిన్న తగువులు అన్నీ నేరుగా కంపెనీ పెట్టిన ల్యారీ పేజ్ దగ్గరికి వెళ్లడం మొదలైందట. తర్వాత ప్రాజెక్ట్ ఆక్సిజన్ అని, మంచి మేనేజరు ఏం చేస్తాడో సొంత డేటాతో తవ్వారు. ఎనిమిది లక్షణాలు తేలితే అన్నిటికన్నా పైన వచ్చింది మంచి కోచ్‌గా ఉండటం. టెక్నికల్ నైపుణ్యం ఎనిమిదో స్థానం. ఇంజినీర్ల కంపెనీలోనే ఇలా వచ్చింది మరి.

అనంతపురం_ఎండ
@డాలస్_బావ అది ఏసీ గదిలో లెక్క సామీ. నాది చిన్న వర్క్‌షాపు, లేతులు, మిల్లింగ్. టూల్ ఎందుకు విరిగిందో చెప్పలేనోడు నా దగ్గర మేస్త్రీ అయితే కుర్రోళ్లు చాయ్ తాగినంత సేపు కూడా మాట వినరు. ముందు చేతిలో పని ఉండాల, తర్వాతే నీ కోచింగు.

డాలస్_బావ
ఎనిమిదో స్థానం అంటే అక్కర్లేదని కాదన్నా, ఆ ఎనిమిదిలో ఉంది కదా. అది ఒక్కటే చాలదంటున్నా. బెస్ట్ ఆపరేటర్‌ని ఇంచార్జి చేస్తే ఒక మంచి ఆపరేటర్ తగ్గాడు, ఇంచార్జి వచ్చాడో లేదో ఇంకా తెలీదు.

బి_షిఫ్ట్
@డాలస్_బావ నేను ఈడనే ఉన్న అన్నా.

డాలస్_బావ
😂 నిన్ను కాదు తమ్ముడూ

కాకినాడ_కాజా
ట్రైనింగ్‌తో మనిషి మారడు అని తేల్చేస్తున్నారు కాబట్టి మా ఊరి సంగతి చెప్పాలండి. హార్వర్డ్ నుంచి డేవిడ్ మెక్లెలాండ్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1964లో మా కాకినాడ వ్యాపారస్తుల మీద ప్రయోగం చేశాడు. హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ, అప్పటి సియెట్, ఇప్పుడు యూసుఫ్‌గూడలో ని-ఎంఎస్ఎంఈ అంటున్నారే, అక్కడికి తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. ఏదో సాధించాలన్న తపన నేర్పితే వస్తుందా అన్నది ప్రశ్న.

అందులోనూ ఆటలున్నాయండోయ్. ఒక కర్ర పాతి, రింగులు ఇచ్చి, ఎంత దూరం నుంచి వేస్తావో నువ్వే ఎంచుకో అనేవారు. కొందరు కర్ర పక్కనే నిలబడి వేస్తారు, కొందరు మరీ దూరం నుంచి అదృష్టం మీద విసురుతారు. తగిలీ తగలని దూరం ఎంచుకునేవాడు, తప్పితే కొంచెం సర్దుకుని మళ్లీ వేసేవాడు, వాడికే వ్యాపారం పట్టుబడుతుందని ఆయన లెక్క. తర్వాత కొన్నాళ్లకి చూస్తే శిక్షణ పొందినవాళ్లు కొత్త పెట్టుబడులు పెట్టడం, మనుషుల్ని పనిలో పెట్టుకోవడం శిక్షణ లేనివాళ్లకంటే ఎక్కువగా కనిపించింది. కులం, సంప్రదాయం, పంచె కట్టు ఇవేవీ అడ్డు రాలేదని కూడా తేల్చాడు. కాబట్టి ఆటని తిట్టకండి, ఆట అయ్యాక దాని గురించి ఏం మాట్లాడారో అడగండి.

రిటైర్డ్_ఉక్కు
@కాకినాడ_కాజా మంచి గుర్తు చేశారు. కానీ ఒక తేడా ఉంది. వాళ్లు సొంత వ్యాపారస్తులు. ఇంటికెళ్లి మర్నాడు కొట్టు తీరు మార్చుకోవాలంటే ఎవరి సంతకం అక్కర్లేదు. ఈ అబ్బాయి ఒక స్టూలు జరపాలన్నా ఛేంజ్ కంట్రోల్, అంటే మార్పుకి ముందు అనుమతి కాగితం, రాయాలి.

కాకినాడ_కాజా
అది నిజమేనండి.

ఫ్లిప్‌చార్ట్
కాజా గారి చివరి మాట ప్రింట్ తీసి మా క్లయింట్లకి పంపాలి. ఆట పావుగంట, దాని మీద మాట్లాడుకోవడం ముప్పావుగంట ఉండాలి. లంచ్ ఆలస్యమైతే ముందు కోసేది ఆ ముప్పావుగంటనే.

బ్యాంక్_అక్క
బి షిఫ్ట్, నా కేసు నీకు దగ్గరగా ఉంది. గవర్నమెంట్ బ్యాంకు, చిన్న ఊళ్లో బ్రాంచి. మేనేజర్‌గా వెళ్లేసరికి మా హెడ్ క్యాషియర్ గారు రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు, మా నాన్న వయసు. క్యాష్‌కి జాయింట్ కస్టడీ, అంటే రెండు తాళాలు, ఇద్దరు మనుషులు. ఆయన సాయంత్రం బస్సు టైమవుతుంటే తన తాళం నా టేబుల్ మీద పెట్టి "మీ మీద నమ్మకమమ్మా" అని బయల్దేరేవారు. ముందున్న మేనేజర్లందరితో అలాగే నడిచింది.

నాకు ట్రైనింగ్ కాలేజీలో అసర్టివ్‌నెస్ అని ఒక పూట క్లాసు చెప్పారు. "నో" అనడం ప్రాక్టీస్ చేయించారు, పక్కనున్న నా వయసు ఆఫీసరుతో. ఆ అమ్మాయికి నో చెప్పడం ఎవరికైనా వస్తుంది.

ఆయనకి అందరి ముందు చెప్పలేదు. స్ట్రాంగ్ రూమ్ దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు అన్నాను: "బాబాయిగారూ, ఈ తాళం నేను తీసుకోను. రేపు ఏదైనా తేడా వస్తే నమ్మకం అని ఎవరూ రాయరు, మీ పెన్షన్ ఆపుతారు." కోపం వచ్చింది. కొన్నాళ్లు నాతో ముక్తసరిగా మాట్లాడారు. నేను గారూ మానలేదు, తాళమూ తీసుకోలేదు. ఇంకోటి కూడా చేశాను. ఆయన బస్సు అందేలా కౌంటర్ల నుంచి క్యాష్ లోపలికి వచ్చే టైము ముందుకి జరిపాను. అది చెయ్యకుండా రూలు ఒక్కటే చెప్పి ఉంటే ఆయన దృష్టిలో నేను నిన్నగాక మొన్న వచ్చిన పిల్లని, అంతే.

@క్యూఏ_కళ్లజోడు అన్నా తమ్ముడూ గేటు బయట అంటున్నారు. మన దగ్గర ఆ పిలుపు తీసేస్తే ఎదుటివాడికి అవమానమే మిగులుతుంది. పిలుపు ఉంచి కూడా కాదనొచ్చు.

క్యూఏ_కళ్లజోడు
@బ్యాంక్_అక్క సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటా. డీవియేషన్ మాత్రం వెనక్కి తీసుకోను. మీరు ఆపింది రేపటి నుంచి జరగబోయేది. ఇక్కడ గడులు నిండిన బ్యాచ్‌లు ఆల్రెడీ గోడౌన్‌లో ఉన్నాయి. వాటిని వేసుకునేవాళ్లకి మనం అన్నా కాదు, తమ్ముడూ కాదు.

అనంతపురం_ఎండ
ఇది మాత్రం గట్టి మాట.

రిటైర్డ్_ఉక్కు
ఒప్పుకుంటున్నాను.

ఎలాగూ ట్రైనింగుల లెక్క తీస్తున్నారు కాబట్టి, నాకు పనికొచ్చినది ఒకటి చెప్తాను. సోమాజిగూడ బెల్లా విస్టాలో ఆస్కీ అని మేనేజర్లకి శిక్షణ ఇచ్చే కాలేజీ ఉంది, 1956లో ఇంగ్లండ్‌లోని హెన్లీ కాలేజీ నమూనాలో పెట్టారు. కంపెనీ నన్ను పంపింది. అక్కడ సిండికేట్ పద్ధతి. రైల్వే ఆయన, బ్యాంకు ఆయన, ప్రైవేటు వాళ్లు, సర్కారు ఆఫీసరు, అందరినీ ఒక గుంపులో వేస్తారు. ఒక విషయానికి ఒకరు ఛైర్మన్, ఇంకో విషయానికి ఇంకొకరు. నేను ఛైర్మన్ అయిన రోజు మా రైల్వే ఆయన నా మాట అస్సలు వినలేదు. వినాల్సిన అవసరం ఆయనకి లేదు, నేను ఆయన బాస్‌ని కాదు కదా. హోదా లేకుండా నలుగురి చేత పని చేయించడం ఎంత కష్టమో అక్కడ తెలిసింది. పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ల పేర్లు మర్చిపోయాను, ఆ రైల్వే ఆయన గుర్తున్నాడు.

బి_షిఫ్ట్
అడిగిన. రాత్రి షిఫ్ట్ దిగినంక చాయ్ హోటల్ కాడ.

ముందుగాల "ఇంచార్జివి అయినవ్ గదా, రాసుకో పో" అన్నడు. నేను ఏం మాట్లాడలే. జరసేపు ఊకుండి తనే చెప్పిండు. ఇదివరకు మిషనుకు ఒక ఆపరేటరు, ఒక హెల్పరు ఉంటుండె. హెల్పర్లను ప్యాకింగ్‌కు మార్చిన్రు. ఇప్పుడు ఆయన ఒక్కడే రెండు మిషన్లు చూస్తుండు. బ్యాలెన్స్, హార్డ్‌నెస్ టెస్టర్ అవతలి రూముల ఉన్నయి. ఒక్క చెక్ చేసి రాసి వచ్చెటాల్లకు పది నిమిషాలు పడ్తది. రెండు మిషన్లకు అరగంటల ఇరవై నిమిషాలు అక్కడనే ఉండాలె. అంతల ఇటు హాపర్ (పొడి పోసే తొట్టి) ఖాళీ అయితది, బరువు జారుతది. అందుకే చెక్‌లు కొన్ని చేస్తుండు, కొన్ని ఇడిసిపెడ్తుండు, గడులు మాత్రం అన్ని నింపుతుండు. "ట్యాబ్లెట్ మంచిగ ఉండాల్నా, కాయితం మంచిగ ఉండాల్నా, నువ్వే చెప్పు" అన్నడు.

పొద్దుగాల మా సార్‌కు చెప్పిన, మనిషి కావాలె అని. "ఉన్న మనుషులతోనే చేయించుడే లీడర్‌షిప్, ఆ ట్రైనింగ్ అందుకే ఇచ్చినం" అన్నడు.

గోదారి_గట్టు
మీ సార్ ఏ రంగు?

ఫ్లిప్‌చార్ట్
మీ సార్‌ని నా క్లాసులో చివరి గంట కూర్చోమన్నది ఇందుకే.

హెచ్చార్_బాధలు
హెల్పర్లని మార్చిన ఆర్డరు ఎవరిది, ఏ తేదీది అన్నది ముందు పట్టుకోండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పోతుంది. మనిషి కావాలి అని కాకుండా, ఈ తేదీ నుంచి ఒక ఆపరేటరు రెండు మిషన్లు, ఒక్కో చెక్‌కి ఇంత సమయం అని మెయిల్ పెట్టండి. హెడ్‌కౌంట్ అడిగితే ఎవరూ చదవరు. బ్యాచ్‌కి ప్రమాదం అని రాస్తే చదువుతారు.

టీమ్‌లీడ్_మాదాపూర్
నా ఎస్‌బీఐ ఈ కేసులో ఆయన మీద వాడకుండా ఉండటమే మంచిదైంది. సార్ మీద వాడాలి.

క్యూఏ_కళ్లజోడు
బి షిఫ్ట్, ఇప్పుడు నా మాట జాగ్రత్తగా వినండి. చెక్ చెయ్యకుండా విలువ రాస్తున్నాడంటే ఇది ఆలస్యంగా రాయడం కాదు, లేని కొలత పుట్టించడం. మీకు తెలిసిన క్షణం నుంచి మీదీ బాధ్యతే. కాబట్టి డీవియేషన్ ఈరోజే రాయాలి, ఆయనకి ముందు చెప్పి రాయండి.

కానీ ఎలా రాస్తారన్నదాంట్లోనే అంతా ఉంది. మన ఫార్మాలో ప్రతి డీవియేషన్‌కీ రెడీమేడ్ జవాబు ఉంటుంది. మూలకారణం: మానవ తప్పిదం. క్యాపా (దిద్దుబాటు చర్య): ఆపరేటరుకి మళ్లీ ట్రైనింగ్. ఎస్ఓపీ (పని పద్ధతి రాసిన కాగితం) చదివించి సంతకం తీసుకుని ఫైలు మూసేస్తారు. నెలకి మళ్లీ అదే. మీ సార్ మీకు చేసింది కూడా సరిగ్గా ఇదే, మనుషులు లేని చోట ట్రైనింగ్ పెట్టాడు.

యూరప్ జీఎంపీ (మందుల తయారీ నియమాలు) మొదటి చాప్టర్‌లోనే ఉంది, మానవ తప్పిదం అని రాసే ముందు పద్ధతిలో, సిస్టమ్‌లో లోపం లేదని చూసుకుని సమర్థించుకోవాలని. ఆ పట్టు వాడండి. ఒక షిఫ్ట్ మొత్తం ఆయన పక్కన నిలబడి టైము రాసుకోండి. రెండు మిషన్లు, ఒక బ్యాలెన్స్, నడక, కొలత, రాత. ఆ పట్టిక డీవియేషన్‌కి జతచెయ్యండి. హెల్పర్లని తీసేసినప్పుడు ఛేంజ్ కంట్రోల్ జరిగిందా అని ఒక్క ప్రశ్న వెయ్యండి. మా వైపు సరైనవాళ్లు ఉంటే మిగతాది మేం లాగుతాం.

అనంతపురం_ఎండ
టైము రాసుకునేది ఆ యన్న చేతనే రాయించు. నువ్వు గడియారం పట్టుకోని పక్కన నిలబడితే నిఘా పెట్టినావు అనుకుంటాడు.

రిటైర్డ్_ఉక్కు
@అనంతపురం_ఎండ చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి.

క్యూఏ_కళ్లజోడు
ఆయనే రాయొచ్చు. కానీ జరిగినప్పుడే రాయాలి 🙂

బి_షిఫ్ట్
ఇయ్యాల నాలుగు గంటలకు మొదలు పెడ్తున్నం, ఇద్దరం కలిసి. అన్నకు చెప్పిన, డీవియేషన్ గూడ రాస్తున్న అని. "నా పేరు ఉంటదా?" అన్నడు. ఉంటది అన్న. "నీ పేరు?" అన్నడు.

క్యూఏ మేడమ్, బీఎంఆర్‌ల ప్రతి పేజీ కింద షిఫ్ట్ ఇంచార్జి చూసిండని సంతకం ఉంటది. గా బ్యాచ్‌లల్ల అది నాదే. డీవియేషన్‌ల అదెట్ల రాయాలె?

క్యూఏ_కళ్లజోడు
ఉన్నదున్నట్టు. ఏ బ్యాచ్, ఏ పేజీ, ఏ తేదీ. అక్కడ దాచితే మిగతా పట్టికంతా దండగ.

బ్యాంక్_అక్క
మీ సార్‌కి కాపీ పెట్టే ముందు క్యూఏ చేత డీవియేషన్‌కి నంబరు వేయించుకో. నంబరు పడ్డాక కాగితాన్ని ఎవరూ జేబులో పెట్టుకోలేరు.